అంతరాత్మ గారికి సన్మాన పత్రం

ఈ దేశంలో సన్మానం చేయించుకోనివారంటూ ఎవరూ మిగల్లేదు. పదవి వచ్చినవారికి వచ్చిందని, పోయినవారికి పోయిందని, రెండూ కానివారికి ఉగాది అని, ఏదో ఒక వంకన దండలు వేస్తూనే ఉన్నాం. ఇన్నేళ్ళుగా మరిచిపోయింది ఒక్కరినే. 1969 ఆగస్టు 16న రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు ఎంపీలనూ ఎమ్మెల్యేలనూ చెయ్యి పట్టుకుని బ్యాలెట్ పెట్టె దాకా నడిపించి, సొంత పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని ఓడించి, ఏ పార్టీ టికెట్టూ లేని వి.వి. గిరిని గెలిపించిన అంతరాత్మ గారిని. ఆ లోటు తీర్చడానికే ఈ పత్రం.

ఇది తెలుగువాళ్ళే చేయవలసిన సన్మానం. ఆ పోటీలో చెప్పుకోదగ్గ అభ్యర్థులు ముగ్గురైతే ముగ్గురూ మనవాళ్ళే. సంజీవరెడ్డి గారిది అనంతపురం జిల్లా ఇల్లూరు. గిరి గారు పుట్టింది బరంపురంలో, తొలి లోక్‌సభకు వెళ్ళింది పాతపట్నం నుంచి. మూడో ఆయన చింతామన్ దేశ్‌ముఖ్ మరాఠీవారే గానీ దుర్గాబాయి గారి భర్త, అంటే రాజమండ్రి అల్లుడు. ఒక్క పీట కోసం ఇంతమంది మనవాళ్ళు నిలబడితే, ఆ పీట ఎవరికి వేయాలో తేల్చే భారం అంతరాత్మ గారు తన నెత్తిన వేసుకున్నారు.

వారి సుగుణాల్లో మొదట చెప్పుకోవలసింది సమయపాలన. మామూలు మనుషుల అంతరాత్మకు వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. తినబోతుంటే అడ్డుపడుతుంది. పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇచ్చెయ్యమని వేధిస్తుంది. కాంగ్రెసు అంతరాత్మ అలాంటి మోటు పనులకు పోలేదు. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. జూలైలో బెంగళూరులో పార్టీ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. సిండికేట్ అని పేరుపడ్డ పార్టీ పెద్దలు స్పీకరుగా ఉన్న సంజీవరెడ్డి పేరు చెప్పారు. లెక్కపెడితే పెద్దల వైపే ఎక్కువమంది తేలారు. అంతరాత్మ అక్కడే ఉంది, కానీ పలకలేదు. తర్వాత సంజీవరెడ్డి గారి పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ కాగితం మీద ప్రధాని స్వయంగా సంతకం పెట్టారు. అప్పుడూ పలకలేదు. సంతకం పెడుతున్న మనిషి మోచెయ్యి కదపకూడదన్న మర్యాద దానికి తెలుసు. పోలింగు దగ్గరపడ్డాక, రెడ్డి గారు స్పీకరు పదవి వదిలేసి ఇక వెనక్కి పోలేని చోటికి వచ్చాక, అప్పుడు గొంతు సవరించుకుంది.

ఈలోపు ఢిల్లీలో జరగవలసినవి చకచకా జరిగిపోయాయి. జూలై 16న మొరార్జీ దేశాయి చేతిలోంచి ఆర్థిక శాఖ జారిపోయింది. 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. ప్రధాని ఇంటిముందు జనం గుమిగూడి జేజేలు పలికారు. ఆ జేజేలు పలికినవాళ్ళకు ఈ ఎన్నికలో ఓటు లేదు. ఓటున్నవాళ్ళు మాత్రం ఆ గుంపును తలలతో సహా లెక్కపెట్టుకున్నారు. అంతరాత్మకు నోరు ఆలస్యమైనా చెవులు భేషుగ్గా పనిచేస్తాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి. రాష్ట్రపతి భవన్‌లో సిండికేట్ మనిషి కూర్చుంటే ప్రధాని కుర్చీకి ఎసరు పెడతాడన్న అనుమానం కూడా ఆ రోజుల్లో బలంగానే ఉండేది. దేశం కోసం పుట్టిన అనుమానం గనుక దాన్ని స్వార్థం అనకూడదు.

బ్యాంకుల ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది ఎవరు? తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి గారే. 19న సంతకం పెట్టారు, 20న రాజీనామా ఇచ్చి అభ్యర్థి అయ్యారు. ఉపరాష్ట్రపతీ లేక, రాష్ట్రపతీ లేక, దేశం ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టుకుంది. నెలాఖరున అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీలో దిగితే ఎదురువెళ్ళి స్వాగతం చెప్పింది ఆ జడ్జీ గారే. ఇంటాయన పోటీలో ఉన్నారు, వచ్చిన చుట్టాన్ని పక్కింటాయన చూసుకున్నారు. చుట్టానికి లోటేమీ జరగలేదు.

ఇక్కడొక చిక్కు ఉంది, సన్మాన పత్రం రాసేవాడికి తప్పని చిక్కు. ఆ ముగ్గురు అభ్యర్థులకూ అంతరాత్మతో పాత పరిచయం ఉంది. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం సవరించిందని గిరి గారు కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేశారు. 1956లో బొంబాయి నగరం సంగతిలో నెహ్రూతో పొసగక దేశ్‌ముఖ్ గారు ఆర్థిక మంత్రి పదవి వదిలేశారు. 1964లో కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట అన్నదని సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. ముగ్గురూ కాగితం మీద రాసి, కింద పేరు పెట్టి, కారు అప్పగించి ఇంటికి వెళ్ళినవాళ్ళే. ఎంత వెనకబడిన పద్ధతి! అంతరాత్మ చెప్పగానే పదవి పోగొట్టుకోవడమంటే ఆ విద్య సరిగ్గా అబ్బలేదన్నమాట. ఓటర్లుగా ఉన్న మన ప్రజాప్రతినిధులు ఆ విద్యను ఎక్కడికో తీసుకువెళ్ళారు. అంతరాత్మ చెప్పింది చెప్పినట్టు చేశారు, సీటు పోలేదు. టికెట్టు ఇచ్చిన పార్టీ అభ్యర్థిని ముంచారు, పార్టీలోనే ఉన్నారు. రాజీనామా అన్న మాట ఎవరి నోటా రాలేదు. పైసా ఖర్చు లేకుండా పుణ్యం దక్కించుకునే ఉపాయం రుషులకు కూడా తోచలేదు.

అవతలి పక్షాన్ని పొగడకపోతే పక్షపాతం అవుతుంది. కామరాజ్, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్ వంటి సిండికేట్ పెద్దలు క్రమశిక్షణకు నిలువెత్తు రూపాలు. 1967 ఎన్నికల్లో సొంత నియోజకవర్గాల ఓటర్లు ఈ ముగ్గురినీ ఇంటికి పంపారు. విరుదునగర్‌లో కామరాజ్‌ను ఓడించింది ఒక విద్యార్థి నాయకుడు, బొంబాయిలో పాటిల్‌ను ఓడించింది జార్జి ఫెర్నాండెజ్. అయినా నిరుత్సాహపడకుండా దేశానికి రాష్ట్రపతిని ఎంచిపెట్టే పనికి ముందుకొచ్చారంటే వారి త్యాగబుద్ధిని మెచ్చుకోవాలి. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప గారు మరీ శ్రద్ధాళువు. సొంత సభ్యులు గీత దాటకూడదని హితవు చెబుతూనే తాను గీత దాటి జనసంఘ్, స్వతంత్ర పార్టీల వారింటికి వెళ్ళారు. మీ మొదటి ఓటు మీ దేశ్‌ముఖ్ గారికే వేసుకోండి, రెండోది మాత్రం మా రెడ్డి గారికి ఇప్పించండని అడిగి వచ్చారు. సభ్యులు గీత దాటితే ద్రోహం, అధ్యక్షుడు దాటితే వ్యూహం. ఈ మాత్రం తేడా తెలియనివాళ్ళు రాజకీయాల్లోకి రాకూడదు.

ఆ పర్యటనతో ప్రధాని వర్గానికి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మితవాదులతో చేతులు కలుపుతారా అని జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గార్లు నిలదీశారు, స్వేచ్ఛగా ఓటు వేసుకోనివ్వండని కోరారు. మీ అభ్యర్థికి వేయమని సభ్యులకు విప్ ఇవ్వండమ్మా అని నిజలింగప్ప గారు అడిగితే, ప్రధాని ఇవ్వనన్నారు. ఎవరి అంతరాత్మ ఎలా చెబితే అలా వేయండన్నారు. అంతే. గిరి అన్న పేరు ఆ పిలుపులో లేదు. వద్దన్న మనిషి పేరూ లేదు. చిరునామా రాయని ఉత్తరం అది. అయినా దేశమంతటా ఉన్న వందలాది అంతరాత్మలు ఒక్క రోజున, ఒక్క ఇంటికే, దారి అడగకుండా చేరాయి. తపాలా శాఖ ఈనాటికీ అందుకోలేని సామర్థ్యం ఇది. మనిషి మనిషికీ వేరుగా ఉంటుందని వేదాంతులు చెప్పే అంతరాత్మ, పై నుంచి సైగ వస్తే ఒకే మాట మీద నిలబడగలదని నిరూపించిన ఘనత ఇందిరాగాంధీ గారిది. తమ సొంత సంతకంతో నిలబెట్టిన అభ్యర్థిని ఒక్క మాట అనకుండా పడగొట్టడం మరొకరి వల్ల అయ్యేది కాదు. కర్ర విరగలేదు. పాము సంగతి ఇల్లూరు వారినడగాలి.

అంతరాత్మకు వెలుతురు పడదని కూడా ఆ ఎన్నికే చెప్పింది. రాష్ట్రపతి ఎన్నికలో రహస్య ఓటు. తెర చాటుకు వెళ్ళి పేర్ల ఎదురుగా 1, 2 అని అంకెలు వేసి, మడిచి, పెట్టెలో పడేసి రావడమే. ఎవరి అంకె ఎవరి మీద పడిందో భగవంతుడికీ తెలియదు. పోలింగుకు ముందు సంజీవరెడ్డి గారి శీలం మీద బురదజల్లే కరపత్రం ఒకటి ఓటర్లకు అందింది, పార్లమెంటు సెంట్రల్ హాల్‌లో కూడా చేతులు మారింది. వేసినవారి పేరు దాని మీద లేదు. పేరు కోసం పాకులాడని రచయితలు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు! ఓడినవారి తరఫువారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గిరి గారు పదవిలో ఉండగానే కోర్టు ముందు సాక్ష్యం చెప్పారు, ఏ రాష్ట్రపతీ అంతకుముందు చేయని పని. కరపత్రం చేతులు మారడం నిజమేగానీ అందులో గిరి గారి ప్రమేయం ఉన్నట్టు రుజువు కాలేదని 1970లో పిటిషన్ కొట్టేశారు. కరపత్రం చదివిన అంతరాత్మలను మాత్రం ఎవరూ బోనెక్కించలేదు. సమన్లు ఏ చిరునామాకు పంపాలి?

ఇక లెక్కింపు. ఈ ఎన్నికలో అందరి ఓటూ ఒక్క తూకం కాదు. ఆ ఏడాది ఎంపీ ఓటు విలువ 576. మన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 125, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 174. లక్నో అంతరాత్మ హైదరాబాద్ అంతరాత్మ కంటే బరువన్నమాట. జనాభా ఎక్కువైతే అంతరాత్మ కూడా ఒళ్ళు చేస్తుంది. పోటీలో 15 మంది. మొదటి ప్రాధాన్యం ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపుకు 4,18,169 కావాలి, ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు విప్పవలసి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక ఈనాటికీ అదొక్కటే. కింది నుంచి ఒక్కొక్కరినే తప్పిస్తూ వచ్చి చివరకు దేశ్‌ముఖ్ కట్ట విప్పేసరికి, నిజలింగప్ప గారి తిరుగుడు వృథా పోలేదని తేలింది. సంజీవరెడ్డి 4,05,427 దాకా ఎగబాకారు. గిరి 4,20,077 దగ్గర గట్టెక్కారు. కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు, ముస్లిం లీగు వాళ్ళు గిరి గారికి మొదటి నుంచీ అండ. వాళ్ళు వేస్తామన్నవారికే వేశారు గనుక ఇందులో సన్మానించడానికేమీ లేదు.

తేడా 14,650. దీన్ని ఎంపీల లెక్కలోకి మార్చి చూడండి. గిరి గారికి వేసినవారిలో 13 మంది ఎంపీలు సంజీవరెడ్డి గారికి వేసి ఉంటే చాలు, ఫలితం తిరగబడేది. పదమూడే! అంత పెద్ద పార్టీ, అంత పెద్ద దేశం, అంత పెద్ద సిద్ధాంతం, పదమూడు అంతరాత్మల మీద ఆగింది. పదమూడు శాలువాలు కొని వాళ్ళను వేదిక మీదికి పిలుద్దామనుకుంటే అక్కడే ఇబ్బంది. గిరి గారు గెలిచారు గనుక ఆ పదమూడులో నేనూ ఒకణ్ణి అంటూ నూట ముప్పై మంది లేచి నిలబడతారు. ఓడి ఉంటే అదే సభలో ముందు వరుస కుర్చీలు కూడా ఖాళీగా ఉండేవి.

ఆ సంవత్సరమే మన రాష్ట్రంలో ఏం జరిగిందో కూడా పత్రంలో చేర్చాలి. ప్రత్యేక రాష్ట్రం కోరుతూ తెలంగాణలో విద్యార్థులు తరగతులు వదిలి రోడ్ల మీదికి వచ్చారు, పోలీసు కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. జూన్‌లో ప్రధాని హైదరాబాద్ వచ్చి మాట్లాడి వెళ్ళారు. కాల్పుల మీద మీ అంతరాత్మ చెప్పినట్టు నడుచుకోండని శాసనసభ్యులకు ఢిల్లీ నుంచి పిలుపు మాత్రం రాలేదు. పిలవని పేరంటానికి వెళ్ళడం అంతరాత్మ గారి ఇంటా వంటా లేదు.

నవంబరు 12న పార్టీ ప్రధానిని బహిష్కరించింది. పార్టీ రెండయింది. స్వేచ్ఛగా ఓటు వేసుకోనివ్వండని అడిగిన ఇద్దరి సంగతీ చెప్పాలి కదా. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు 1974లో తామే రాష్ట్రపతి అయ్యారు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి కాగితం వస్తే సంతకం పెట్టారు. మంత్రివర్గం ఆమోదం మర్నాడు పొద్దున వచ్చింది. అంత రాత్రప్పుడు అంతరాత్మను లేపి ఇబ్బంది పెట్టలేదంటే ఎంత సంస్కారం! జగ్జీవన్ రామ్ గారు ఆ అత్యవసర పరిస్థితిని ఆమోదించమని లోక్‌సభలో తీర్మానం పెట్టారు. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించాక, ఫిబ్రవరి 2న పార్టీ వదిలి బయటికొచ్చారు. పంచాంగం చూసుకుని మేలుకునే అంతరాత్మ అందరికీ దొరకదు. గిరి గారు పదవీకాలం సజావుగా ముగించుకున్నారు, 1975లో భారతరత్న అందుకున్నారు. 1954లో ఆయన చేత రాజీనామా చేయించిన పాత అంతరాత్మ ఆ అయిదేళ్ళూ రాష్ట్రపతి భవన్ తోటలో హాయిగా సేద తీరింది.

సంజీవరెడ్డి గారు ఇల్లూరు వెళ్ళి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోగా, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున ఆయన గెలిచారు. మళ్ళీ స్పీకరయ్యారు. ఆ జూలైలో రాష్ట్రపతి ఎన్నిక వస్తే 37 మంది నామినేషన్లు వేశారు, 36 చెల్లలేదు, పోటీయే లేకుండా పోయింది. ఎనిమిదేళ్ళ కిందట ఏ మనిషి రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెడితే దేశం మునుగుతుందని అంతరాత్మలు ఘోషించాయో, అదే మనిషి, అదే పేరు, అదే ఊరు. కాంగ్రెసు అంతరాత్మకు ఈసారి ఒక్క అభ్యంతరమూ కనిపించలేదు. మనిషి మారలేదు గనుక మారింది ఎవరన్నది లోకానికి విడమర్చి చెప్పనక్కరలేదు. పగ పట్టకపోవడం, పాత మాట గుర్తుంచుకోకపోవడం మహాత్ముల లక్షణం.

గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. 1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చి అంతరాత్మకు సభలో సంకెళ్ళు వేశారు. 2003లో రాజ్యసభ ఎన్నికల్లో ఓటు పార్టీ ఏజెంటుకు చూపించి పెట్టెలో వేయాలన్నారు. అంటే అక్కడ దానికి తెర కూడా తీసేశారు. పుణ్యం కొద్దీ రాష్ట్రపతి ఎన్నికను మాత్రం ముట్టుకోలేదు. విప్ లేదు, చూపించే పని లేదు, వేటు లేదు. అయిదేళ్ళకోసారి వారికి ఆటవిడుపు.

2022 జూలైలో ఆ ఆటవిడుపు బాగా సాగింది. ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా గారు ఊరూరా తిరిగి, పార్టీలు పక్కనబెట్టి అంతరాత్మ ప్రకారం ఓటు వేయండని వేడుకున్నారు. మన దగ్గర బద్ధశత్రువులైన తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెసులు రెండూ ద్రౌపదీ ముర్ము గారికే వేశాయి, టీఆర్ఎస్ సిన్హా గారికి వేసింది. అవి పార్టీ నిర్ణయాలు, అంతరాత్మ గారి ఖాతాలో పడవు. ఓట్లు విప్పి చూస్తే మాత్రం సిన్హా గారి పిలుపు అందుకుని కదిలిన అంతరాత్మలు నిజంగానే ఉన్నాయి. అస్సాంలో, గుజరాత్‌లో, మధ్యప్రదేశ్‌లో ప్రతిపక్ష శిబిరాల నుంచి బయల్దేరి నేరుగా ముర్ము గారింటికి వెళ్ళాయి. వాటినని లాభం లేదు. ఆయన కూడా ఉత్తరం మీద చిరునామా రాయలేదు, ఏ ఇంటికి వెళ్ళాలో సైగ చేయడానికి ఆయన చేతిలో ప్రభుత్వమూ లేదు.